గిన్నెల మీద పేర్లు కొట్టే తాతగారు చేసిన నా ఫిట్స్ పట్టీ: ఎనిమిది నెలలు పరిగెత్తాక రాస్తున్న రివ్యూ

ముందు వస్తువు ఏంటో చెప్పేస్తాను. నాలుగున్నర సెంటీమీటర్ల పొడవు, రెండు సెంటీమీటర్ల వెడల్పు ఉన్న స్టీలు రేకు. రెండు చివర్లా సన్నటి సందులు ఉన్నాయి, వాటిలోంచి పాత వాచీ తాలూకు నైలాన్ పట్టీ దూర్చి ఎడమ చేతికి కట్టుకుంటాను. రేకు మీద తెలుగులో నాలుగు లైన్లు, వెనక వైపు రెండు ఫోన్ నంబర్లు, నేను వేసుకునే మాత్ర పేరు. చేసింది మెడికల్ షాపు వాళ్ళు కాదు, ఆన్‌లైన్ కంపెనీ అంతకంటే కాదు. విశాఖపట్నం పూర్ణా మార్కెట్ దగ్గర ఒక స్టీలు సామాన్ల కొట్టు అరుగు మీద కూర్చుని, పెళ్ళిళ్ళకి ఇచ్చే గిన్నెల మీద, బిందెల మీద పేర్లు కొట్టే తాతగారు. రేకుకి 60 రూపాయలు, అక్షరాలకి 120, మొత్తం 180. ఆయన పేరు, కొట్టు పేరు రాయొద్దన్నారు, కాబట్టి రాయడం లేదు.

నాకు పందొమ్మిదేళ్ళప్పుడు మూర్ఛ మొదలైంది. మా ఇంట్లో ఫిట్స్ అనే అంటాం, ఇక్కడా అలాగే రాస్తాను. ఇప్పుడు ముప్ఫై ఆరు. ఆరేళ్ళుగా పరిగెడుతున్నాను, వారానికి నాలుగు రోజులు, ఆదివారం కాస్త ఎక్కువ దూరం. మాత్రలతో చాలావరకు అదుపులో ఉంది కానీ పూర్తిగా పోలేదు, ఏడాదికి ఒకసారో రెండుసార్లో వస్తుంది. అంటే బూట్లు కట్టుకుని గుమ్మం దాటిన ప్రతిసారీ, ఇవాళ పడిపోతే పక్కన ఎవరుంటారు, వాళ్ళకి ఏం చెయ్యాలో తెలుస్తుందా అనే ఆలోచన కూడా నాతో పాటే బయల్దేరుతుంది. 180 రూపాయల రేకు గురించి ఇంత పొడుగు రాయడానికి కారణం అదే.

దీనికి ముందు నాలుగేళ్ళు ఆన్‌లైన్‌లో కొన్న మెడికల్ బ్రేస్‌లెట్ వాడాను. 1,400 పెట్టాను. చూడ్డానికి చాలా బాగుండేది, మెరుస్తూ, సన్నటి గొలుసుతో, మీద డాక్టర్ల పాము గుర్తు, ఇంగ్లీషులో ఎపిలెప్సీ అని ఒకే ఒక్క మాట, కింద మా ఆయన నంబరు. మా అమ్మకి అదంటే భలే ఇష్టం. పెళ్ళిళ్ళకి కూడా పెట్టుకెళ్ళనిచ్చేది. ఎందుకంత ఇష్టమో నాకు చాలా రోజులు తట్టలేదు.

పోయిన శివరాత్రి వెళ్ళాక వచ్చిన ఆదివారం, బీచ్ రోడ్డు మీద, సబ్‌మెరైన్ మ్యూజియం దాటిన కాసేపటికి నాకు ఫిట్స్ వచ్చింది. తెల్లారుజామున ఆ రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు కాబట్టి ఆ టైమే ఎంచుకుంటాను, అది నా అదృష్టం. నాకు ముందుగా కాలిన రబ్బరు వాసన వస్తుంది, పొట్టలోంచి ఏదో గొంతు దాకా లేచినట్టు ఉంటుంది, ఆ తర్వాత ఏమీ ఉండదు. ఆ రోజు వాసన తెలిసేలోపే పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి వెల్లకిలా ఉన్నాను, మొహం నిండా నీళ్ళు, కుడి చేతిలో ఎవరివో తాళాల గుత్తి, నోట్లో రక్తం. పళ్ళు బిగుసుకున్నాయని ఎవరో స్పూను దూర్చారట, ముందు పన్ను చివర విరిగింది. చుట్టూ పది పదిహేను మంది. వాళ్ళలో ఒక్కరి మీద కూడా నాకు కోపం లేదు, ఉండకూడదు కూడా. పరిచయం లేని మనిషి రోడ్డు మీద కొట్టుకుంటుంటే వదిలేసి పోకుండా ఆగారు, చిన్నప్పటి నుంచి చూసిందే చేశారు.

వారం తర్వాత అక్కడ అల్లం టీ అమ్మే ఆయన దగ్గరికి వెళ్ళాను, ఆ రోజు నా తల కింద తన తువ్వాలు పెట్టింది ఆయనే. "నా చేతికి ఉన్నది చూశావా అన్నా?" అని అడిగాను. "చూశానమ్మా, గొలుసనుకున్నాను. ఇంగ్లీషులో ఏదో ఉంది, కంపెనీ పేరేమో అనుకున్నా" అన్నాడు. ఆయన టీ బండి మీద తెల్ల పెయింటుతో రేట్లన్నీ తెలుగులో రాసున్నాయి, దానికి ఆనించి ఆ రోజు పేపరు ఉంది. చదవడం వచ్చిన మనిషి. నేనే ఆయనకి రాని భాషలో చెప్పాను.

ఇంటికొచ్చి అమ్మతో, ఈసారి తెలుగులో రాయించుకుంటానని చెప్పాను. అమ్మ వంకాయలు కోస్తున్నదల్లా ఆపేసి, "తెలుగులో అయితే అందరూ చదివేస్తారు కదే" అంది. అప్పుడు అర్థమైంది నాకు ఆ గొలుసు ఆవిడకి ఎందుకు నచ్చిందో. మా చుట్టుపక్కల ఎవరికీ అర్థం కాదు కాబట్టి నచ్చింది. చేతికి కట్టుకున్నామన్న తృప్తి ఉంటుంది, ఎవరికీ తెలియదన్న ధైర్యమూ ఉంటుంది. అమ్మని తప్పు పట్టలేను. 1999లో సవరించేదాకా హిందూ వివాహ చట్టంలోనే మూర్ఛ మాట ఉండేది, పెళ్ళి చెల్లదనడానికి అదొక కారణంగా. అమ్మ తరం వాళ్ళు ఆ భయంలోనే పెరిగారు. నా మొదటి ఫిట్స్ వచ్చినప్పుడు మా పిన్నికి కూడా చెప్పకుండా, నీరసంతో పడిపోయిందని చెప్పింది. ఆ అలవాటు ఒక్క పూటలో ఎలా పోతుంది? "చదవాలనే కదమ్మా రాయించేది" అన్నాను. ఆవిడ మళ్ళీ వంకాయలు కోసుకుంది, ఏమీ అనలేదు.

తెలుగులో చెక్కి ఇస్తారా అని ఆ బ్రేస్‌లెట్ కంపెనీకి రాస్తే మా మిషన్లో ఇంగ్లీషు ఒక్కటే పడుతుందన్నారు. షీల్డులు చేసే ఒక షాపులో అడిగితే ఒక్క పీసు చెయ్యం, కనీసం పాతిక కావాలన్నారు. అప్పుడు మా వంటింట్లో బిందె మీద చూపు పడింది. మా అమ్మ పెళ్ళినాటిది. "మేనమామ గారి దీవెనలతో" అని పేరు, ఊరు, తేదీతో సహా, నలభై ఏళ్ళ నుంచి చింతపండుతో, పీచుతో తోముతున్నా ఒక్క అక్షరం చెరగలేదు. స్టీలు మీద తెలుగు రాసేవాళ్ళు మన ఊళ్ళో ఎప్పట్నుంచో ఉన్నారు, నేనే తప్పు చోట వెతికాను.

తాతగారు నా చేతిలో గిన్నె ఏదీ లేకపోయేసరికి, "ఏటి తల్లీ, సామానేది? పెళ్ళా, గృహప్రవేశమా?" అన్నారు. విషయం చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, నేను రాసుకెళ్ళిన కాగితం రెండుసార్లు చదివి, ఆ తర్వాత అడిగిన మొదటి ప్రశ్న: "తాళాలు పెట్టొద్దని రాసేవేటమ్మా? ఇనుము పెట్టకపోతే ఎలగ ఆగుద్ది?"

అరగంట ఆ అరుగు మీద కూర్చున్నాను. ఫిట్స్ అంటే మెదడులో ఉన్నట్టుండి కరెంటు ఎక్కువైనట్టు అవుతుందని, చాలాసార్లు ఒకటి రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే తగ్గిపోతుందని, ఆ తగ్గే టైముకి ఎవరో తాళాలు తెచ్చి పెడతారు కాబట్టి తాళాల వల్లే తగ్గినట్టు కనిపిస్తుందని చెప్పాను. ఉల్లిపాయ వాసన చూపించినా, చెప్పు వాసన చూపించినా అంతే. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. వాళ్ళ తమ్ముడికి చిన్నప్పుడు వచ్చేదట, వాళ్ళమ్మ ఎప్పుడూ కొంగుకి ఒక ఇనప మేకు కట్టుకుని తిరిగేదట. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత రేకు చేతిలోకి తీసుకుని, "సరే, ఇది కూడా ఇనుమే కదా తల్లీ. ఇక నీ చేతిలో ఎప్పుడూ ఉంటాది. ఇంకోటి ఎవరూ పెట్టక్కర్లేదు" అన్నారు. ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. నా మొదటి కాగితంలో తాళాల లైను ఉంది, చోటు చాలక చివరికి తీసేశాం, కానీ ఎవరైనా తాళాలు పట్టుకొస్తే పక్కవాళ్ళు ఇప్పుడు ఆ మాటే చెప్తున్నారు మా రన్నింగ్ గ్రూపులో.

ఇక పనితనం. ఆయన దగ్గరున్నది చేతిలో పట్టుకునే చిన్న మిషను, ముందు సూది. స్విచ్ వేస్తే జుయ్‌మంటుంది, సూది కొట్టుకుంటూ పోతుంది. దగ్గరగా పెట్టుకుని చూస్తే అక్షరం గీతలా ఉండదు, వందల చుక్కలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. వేలితో తడిమితే ఉప్పు రవ్వలా గరుకు. మన అక్షరాలు గుండ్రం కాబట్టి కంప్యూటర్ మిషన్ల కంటే ఈ చేతి మిషనే బాగుంటుందని నాకు అనిపించింది, ఆయన మణికట్టు కదలకుండా రేకునే తిప్పుతారు, దోసె పెనం తిప్పినట్టు.

పేచీ వచ్చింది "మూర్ఛ" దగ్గర. ఆయన మొదట ఒక పాత మూత మీద కొట్టి చూపించారు, ఛావత్తుకి బదులు చావత్తు పెట్టారు. నేను తప్పన్నాను. సరిచేసి మళ్ళీ కొట్టారు, కానీ నాలుగు మిల్లీమీటర్ల అక్షరం కింద ఆ ఒత్తు, దాని పక్కన ఆ చిన్న గీత, అన్నీ కలిసిపోయి ఒక ముద్దలా తయారైంది. టీ కొట్టు కుర్రాడిని పిలిచి చదవమన్నారు. వాడు "మూర్తి" అన్నాడు. అంతే, మూర్ఛ కొట్టేసి "ఫిట్స్" పెట్టాం. ట కింద సావత్తు తేలిగ్గా పడింది, ఫి మీద గుడి స్పష్టంగా ఉంది, ఈసారి కుర్రాడు ఆగకుండా చదివాడు. ఎవరైనా చేయించుకుంటే ఈ పరీక్ష తప్పకుండా పెట్టండి. మీకు తెలిసిన వాళ్ళతో కాదు, దారిన పోయేవాళ్ళతో చదివించండి.

చివరికి కుదిరిన నాలుగు లైన్లు ఇవి:

ఫిట్స్. భయపడొద్దు
పక్కకి తిప్పి పడుకోబెట్టండి
నోట్లో ఏమీ పెట్టొద్దు
5 నిమిషాలు దాటితే 108

నా న్యూరాలజిస్టుకి ఫొటో పంపితే మార్పు ఒకటే చెప్పారు. నేను మొదట 10 నిమిషాలు అని రాసుకున్నాను, అనవసరంగా అంబులెన్సు ఎందుకని. ఆయన 5 చేయమన్నారు. అయిదు నిమిషాలు దాటి కొట్టుకుంటూనే ఉంటే, లేదా ఒకటి తగ్గి తెలివి రాకముందే ఇంకోటి వస్తే, అది దానంతట తగ్గుతుందని ఎదురుచూడకూడదట, మందు పడాల్సిందే. కాళ్ళూ చేతులూ గట్టిగా అదిమి పట్టుకోవడం, పూర్తిగా తెలివి రాకుండా నీళ్ళు తాగించడం కూడా వద్దు, వాటికి రేకు మీద చోటు లేదు కానీ నాతో పరిగెత్తే వాళ్ళందరికీ నోటితో చెప్పాను. వెనక మాత్ర పేరు మాత్రం ఇంగ్లీషులోనే కొట్టించాను, అది చదవాల్సింది ఆసుపత్రిలో డాక్టరు కాబట్టి.

తాతగారి పని మీద ఫిర్యాదులు కూడా ఉన్నాయి, దాచను. రేకు అంచులు సరిగ్గా ఆకురాయి పట్టలేదు. మొదటి పది కిలోమీటర్లకే మణికట్టు లోపల ఎర్రగా గీసుకుపోయింది. తీసుకెళ్తే డబ్బులు తీసుకోకుండా అరగదీసి ఇచ్చారు, కానీ అది ముందే చెయ్యాలి. రెండోది, రేకు ఏ రకం స్టీలో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. చవక రకం 202 అయ్యుంటుందని నా అనుమానం. మన సముద్రపు గాలి, దానికి తోడు చెమట ఉప్పు, మూడో నెలకి సందుల దగ్గర తుప్పు చుక్కలు వచ్చాయి. మీరు వెళ్తే 304 రేకు కావాలని గట్టిగా అడగండి, దొరికితే 316 ఇంకా మంచిది, ఉప్పుకి తట్టుకుంటుంది. మూడోది, అక్షరాల్లో నల్లరంగు నింపమని నేను అడిగితే నింపారు, అది రెండు నెలల్లో పోయింది. పోయాక కూడా చదవొచ్చు కానీ తెల్లవారుజామున చీకట్లో కష్టం.

పట్టీ సంగతి: మొదట రెక్సిన్ పట్టీ వేశాను, చెమటకి వాసన, దురద. నైలాన్ మార్చాక హాయిగా ఉంది, రోజూ స్నానంలో సబ్బుతో రుద్దేస్తాను.

మరి పడిపోతే ఫోన్ చేసే వాచీలు వచ్చాయి కదా, ఈ రేకు ఎందుకు అని మా అన్నయ్య అడిగాడు. నాకు ఆ వాచీ కూడా ఉంది, కుడి చేతికి. ధబ్బున పడి కదలకుండా ఉంటే కాసేపు మోగి, నేను ఆపకపోతే మా ఆయనకి నేనెక్కడున్నానో మెసేజ్ పంపుతుంది. మంచిదే, తీసెయ్యను. కానీ మెల్లగా ఒరిగి కూర్చుండిపోతే దానికి తెలియదు, నిలబడే ఉండి రెండు నిమిషాలు తెలివి తప్పినట్టు చూసే రకం ఫిట్స్ వస్తే అసలే తెలియదు. ఫిట్స్‌నే కనిపెట్టడానికి చేసిన వాచీలు వేరే ఉన్నాయి, ఎంపాటికా వాళ్ళ ఎంబ్రేస్‌కి 2018లో అమెరికాలో మందులకి, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ అనుమతి కూడా వచ్చింది, అది నేను వాడలేదు కాబట్టి దాని గురించి మాట్లాడను. ఏ వాచీ అయినా దూరంగా ఉన్న మా ఆయనకి చెప్తుంది. ఎంవీపీ కాలనీ నుంచి ఆయన ఎంత వేగంగా వచ్చినా పదిహేను నిమిషాలు. నాకు కావాల్సింది మొదటి రెండు నిమిషాల్లో పక్కనున్న మనిషి. రేకు ఆ మనిషితో మాట్లాడుతుంది.

మాట్లాడింది కూడా. ఆగస్టులో, తెన్నేటి పార్కు దాటి జోడుగుళ్ళపాలెం వైపు దిగుతుంటే వచ్చింది. ఆ రోజు నాతో పరిగెత్తే అమ్మాయి జ్వరమని రాలేదు, ఒంటరిగా వెళ్ళకూడదని తెలిసి కూడా వెళ్ళాను, అది నా తప్పు. ఈసారి వాసన ముందే తెలిసింది, రోడ్డు పక్కకి వచ్చి కూర్చున్నాను. తెలివి వచ్చేసరికి ఎడమ పక్కకి తిరిగి ఉన్నాను, తల కింద మడత పెట్టిన గోనె సంచి, ఘాటుగా చేపల వాసన. నా పక్కన చేపల తట్టతో ఒక పెద్దావిడ, ఎనిమిదో తొమ్మిదో చదివే కుర్రాడు. ఆ కుర్రాడు ఫోను చేతిలో పట్టుకుని, "రెండు నిమిషాల నలభై సెకన్లక్కా, అయిదు అవ్వలేదు, అందుకే 108కి చెయ్యలేదు" అన్నాడు. నాకు అప్పటికి నా పేరు కూడా గుర్తు లేదు, కానీ ఆ మాట గుర్తుంది.

తర్వాత తెలిసిందేమిటంటే, పెద్దావిడకి చదువు రాదు. చేతికి తెలుగు అక్షరాలు కనిపించి, బీచ్ మీద ఆడుకుంటున్న ఆ కుర్రాడిని కేకేసి చదివించుకుంది. వాడు నాలుగు లైన్లూ గట్టిగా చదివాడట, చుట్టూ చేరిన వాళ్ళందరికీ వినపడేలా. ఎవరో నీళ్ళ సీసా తెస్తే, "నోట్లో ఏమీ పెట్టొద్దని రాసుంది" అని ఆవిడే ఆపిందట. విరిగిన పన్ను లేదు, మొహాన నీళ్ళు లేవు. మోకాలు కొట్టుకుపోయింది, అంతే. అమ్మకి ఆ కథ మొత్తం చెప్పాను. మర్నాడు నేను స్నానానికి వెళ్తే పట్టీ తీసి పాత పళ్ళ బ్రష్షుతో అక్షరాల మధ్య మట్టి తోమి పెట్టింది.

ఫిట్స్ ఉన్నవాళ్ళు అసలు పరిగెత్తొచ్చా అని నన్ను అడిగేవాళ్ళు చాలామంది, కాబట్టి రివ్యూ మధ్యలోనే అయినా చెప్తాను. పరిగెత్తొచ్చు. అంతర్జాతీయంగా మూర్ఛ వైద్యుల సంఘం ఐఎల్ఏఈ 2016లో ఆటల్ని ప్రమాదాన్ని బట్టి మూడు గుంపులుగా విడదీసింది, మామూలు పరుగు మొదటి గుంపులో ఉంది, అంటే ఫిట్స్ వల్ల అదనంగా పెద్ద ప్రమాదం లేని ఆటల్లో. ఈత రెండో గుంపు, అందుకే బీచ్ పక్కనే పరిగెడతాను కానీ నీళ్ళలోకి దిగను. దక్షిణాఫ్రికా క్రికెటర్ జాంటీ రోడ్స్‌కి కూడా మూర్ఛ ఉందని ఆయనే చెప్పుకున్నాడు. 1992 వరల్డ్ కప్‌లో ఇంజమామ్‌ని గాల్లోకి ఎగిరి రనౌట్ చేసిన మనిషి! అమెరికాలో డయాన్ వాన్ డెరెన్ అనే ఆవిడ, 1997లో ఫిట్స్‌కి మెదడు ఆపరేషన్ చేయించుకుని, ఆ తర్వాత వందల మైళ్ళ పందేలు పరిగెత్తింది. ఆపరేషన్‌కి ముందు, వచ్చే సూచన తెలియగానే బూట్లు వేసుకుని పరిగెత్తేదట. నేనలా చెయ్యను, మా డాక్టరు ఆగి కూర్చోమన్నారు, కూర్చుంటాను.

నాకు పరుగు వల్ల ఎప్పుడూ ఇబ్బంది రాలేదు, పరుగు చుట్టూ ఉండేవాటి వల్లే వచ్చింది. నిద్ర మొదటిది. రేసు ఉదయం అయిదింటికి అంటే మూడింటికే లేవాలి, ముందు రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టదు, నిద్ర చాలకపోవడం ఫిట్స్‌కి తలుపు తీసినట్టే. అందుకే రేసుకి ముందు రోజు కాదు, ముందు వారమంతా తొమ్మిదింటికే పడుకుంటాను. రెండోది మాత్ర. పొద్దున్న ఎనిమిదింటి మాత్ర పొడుగు రన్ మధ్యలో పడుతుంది, నడుం పట్టీలో చిన్న డబ్బాలో పెట్టుకెళ్తాను, ఇంటికెళ్ళి వేసుకుందాం అనుకుని మర్చిపోయిన రోజులున్నాయి. మూడోది నీళ్ళు. నేను ఇంతకుముందు ఆక్స్‌కార్బజపిన్ అనే ఫిట్స్ మాత్ర వాడేదాన్ని, అది కొంతమందికి ఒంట్లో సోడియం తగ్గిస్తుంది. మన విశాఖ ఉక్కలో లీటర్లు లీటర్లు ఉత్త నీళ్ళు తాగేదాన్ని, ఒకసారి రక్తపరీక్షలో సోడియం 128 వచ్చింది, ఉండాల్సింది 135 పైన. సోడియం బాగా పడిపోవడం వల్ల కూడా ఫిట్స్ వస్తాయి. ఇప్పుడు మందు మారింది, లెవెటిరాసిటమ్ వాడుతున్నాను, దాహానికి సరిపడా ఉప్పు వేసిన మజ్జిగ తాగుతాను. టోపిరమేట్ అనే ఇంకో ఫిట్స్ మాత్ర వాడే వాళ్ళకి చెమట సరిగ్గా పట్టకపోవచ్చు, ఎండలో పరిగెత్తేవాళ్ళు అది గమనించుకోవాలి. ఇవన్నీ నా ఒంటి సంగతులు, మీ మందుల్లో మార్పు మీ డాక్టరే చెయ్యాలి, నా రివ్యూ చూసి చెయ్యొద్దు.

ఒక రేసులో ఫారంలో నిజం రాసినందుకు నన్ను పక్కకి పిలిచి, మీరు రావడం మాకు రిస్కు అన్నారు. డాక్టరు ఉత్తరం చూపించినా వినలేదు. ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. ఇలా చేస్తే ఏమవుతుందంటే, తర్వాతి వాళ్ళు ఫారంలో రాయడం మానేస్తారు, పడిపోయినప్పుడు మెడికల్ టెంట్ వాళ్ళకి ఏమీ తెలియదు. బిబ్ వెనక, అంటే ఛాతీ మీద పెట్టుకునే రేసు నంబరు కాగితం వెనక, ఖాళీలు నింపమని ఇస్తారు కదా, ఆరోగ్య సమస్యలు, ఇంట్లోవాళ్ళ నంబరు, ఆ ఖాళీలు మనల్ని కాపాడటానికే ఉన్నాయి. నేను ఇప్పటికీ నింపుతాను, ఎర్ర స్కెచ్ పెన్నుతో.

నాకు డ్రైవింగ్ లైసెన్స్ లేదు, దాని ఫారంలోనే మూర్ఛ ఉందా అని అడుగుతారు, ఉందని రాసేదాన్ని నేను. కాబట్టి పూర్ణా మార్కెట్‌కి బస్సులోనే వెళ్తాను. మీరు వెళ్ళేటట్టయితే పెళ్ళిళ్ళ సీజన్లో వెళ్ళకండి, బిందెల వరస మధ్య ఆయనకి తలెత్తే తీరిక ఉండదు, రెండు రోజులాగి రమ్మంటారు. పొద్దున్న పది దాటాక, మధ్యాహ్నం భోజనానికి లేచేలోపు మంచి టైము. కావాల్సిన మాటలు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసుకెళ్ళండి, నోటితో చెప్తే ఆయన వినికిడికి కొన్ని పోతాయి. లైనుకి పదమూడు పద్నాలుగు అక్షరాలు మించితే చిన్నవైపోతాయి, ఒత్తులు తక్కువ ఉన్న మాటలు చూసుకోండి. రేకు తీసుకునే ముందు అంచు మీద వేలు రాసి చూడండి, గుచ్చుకుంటే అక్కడే అరగదీయించుకోండి. ఫోన్ నంబరు అంకె అంకె మీరే చదివి సరిచూసుకోండి, నాకు మొదట 6 బదులు 9 పడబోయింది.

నా రేటింగ్ అయిదుకి నాలుగు. ఒకటి తగ్గించింది అంచులకి, తుప్పుకి. ఈ ఎనిమిది నెలల్లో ఆయన దగ్గరికి మా గ్రూపు నుంచి ముగ్గురు వెళ్ళారు, ఒకావిడ షుగర్ ఉన్న వాళ్ళ నాన్నగారికి చేయించింది, ఒకతను ఆస్తమాకి. మొన్న ఆయనే ఫోన్ చేసి, ఇంకెవరో ఫిట్స్ ఉన్న పిల్లవాడి తల్లి వచ్చింది, నీ కాగితంలో మాటలు ఏటో మళ్ళీ చెప్పమ్మా, అని అడిగి రాసుకున్నారు. నా రేకు మీద 108లో ఎనిమిది అంకె పైభాగం కాస్త అరిగింది, బ్రష్షుతో మరీ ఎక్కువ తోముతున్నాం. వచ్చే శనివారం అది కొట్టించుకోవడానికి వెళ్తున్నాను, ఈసారి అమ్మ కూడా వస్తానంది, ఆవిడకి బీపీ మాత్రల పేరు కొట్టించుకోవాలట.